కబ్జాను తరిమిన రోజు

గుర్రపుడెక్క కుళ్లిన వాసన తగిలితే కామారెడ్డిలో మా ఇంటి వెనక వాగు గుర్తొస్తుంది. నాకప్పుడు ఏడేళ్లు. చెత్తతో పూడిపోయిన ఆ వాగును మా గల్లీ వాళ్లంతా కలిసి బాగుచేస్తున్నారు. ఒక పొద్దున మా అవ్వ, "ఇయ్యాల మనం ఏమరితే ఒడ్డు మీది జాగంత కబ్జా అయితది" అంది. కబ్జా అంటే జాగాలను మింగే మృగమేదో అనుకుని, కట్టె పట్టుకుని అవ్వ వెంట వెళ్లాను.

మధ్యాహ్నం ఒక ట్రాక్టర్ ఆ జాగాలో పాతడానికి కంచె రాళ్లు తెచ్చింది. ఆడవాళ్లంతా దానికి అడ్డంగా కూర్చున్నారు.

"వాగుకు జాగ లేకుంటే నీళ్లు యాడికి పోతయి బిడ్డా? మా ఇండ్లల్లకే గదా!" అని అవ్వ డ్రైవర్‌ను నిలదీసింది.

అతను ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడి, చివరికి బండి వెనక్కి తిప్పాడు. గల్లీ అంతా చప్పట్లు, ఈలలు!

"కబ్జా రాలేదేంది అవ్వా?" అన్నాను బెంగగా.

"వచ్చింది, పోయింది. నువ్వు సూడలే" అని అవ్వ పకపకా నవ్వింది.

ఆమె మాట అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ వానాకాలం మాత్రం వాగు పొంగి ఒడ్డు మీది ఆ జాగా నిండా పారింది. మా గల్లీలో ఒక్క గడప కూడా తడవలేదు.