ఖాళీగా ఉంచిన దారులు

ఇన్నేళ్లుగా ఒక టవర్‌ను మోస్తున్నాను. అచ్చంగా ఇనుపది. డర్బన్ దగ్గరి వెరులం ఊళ్లో గుట్ట మీద నిలబడ్డదే. నడిస్తే చప్పుడవుతుందేమోనని నలుగురిలో గట్టిగా జోకులు వేస్తుంటాను. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీ దగ్గర దించుతున్నాను.

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజులు. హైదరాబాదు నుంచి డర్బన్ వచ్చి ఒక సెల్‌ఫోన్ కంపెనీలో చేరాను. టవర్‌కు ఉన్న కాసిని దారులను ఎవరికెన్ని ఇవ్వాలో తేల్చడం నా పని. దారి అంటే ఒక కాల్ పట్టేంత చోటు, అంతే. నేను చెప్పుకునే తీరు వింటే మాత్రం హిందూ మహాసముద్రానికి అలలు పంచేది నేనే అనుకోవాలి.

అద్దెకు ఉన్నది ఆ గుట్ట మీదే, సరోజక్క ఇంటి వెనక గదిలో. వాళ్ల ముత్తాతలు మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. ఆమె కూర తింటే నా చెవుల్లోంచి పొగ లేచి ఊరి మీద మబ్బు పట్టేది. ఆమెకో సెల్‌ఫోన్ కొనిపెట్టి, "ఇక భయం లేదక్కా" అన్నాను. అన్నానా? అన్నాను.

మా మేనేజర్ కారులో సముద్రం పక్క రోడ్డు మీద పోతుంటే మాట మధ్యలో తెగిపోయేది. అందుకని గుట్ట మీది టవర్ దారుల్లో సగానికి పైగా ఆ రోడ్డు మీద కార్లలో కదిలే కాల్స్ కోసమే అట్టిపెట్టాను. గుట్ట మీది ఇళ్లవాళ్లకు మిగిలినవే. తెగిన కాల్‌ను మా రిపోర్టు చూపిస్తుంది. అసలు కలవని కాల్ గురించి ఎవరూ అడగరు. నాకు తెలుసు. తెలిసే చేశాను. మెచ్చుకున్నారు. నా ఛాతీ ఎంత పొంగిందంటే, రేవులోకి వచ్చే ఓడలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం సరోజక్క భర్తకు గుండెనొప్పి వచ్చింది. నేను డర్బన్‌లో ఉన్నాను. ఆమె వ్యాను ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. చివరికి రోడ్డు మీదికి పరుగెత్తి టాక్సీ ఆపింది. ఆస్పత్రి గేటు దాటకముందే ఆయన పోయాడు.

నేను వెళ్లేసరికి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"బాబూ, ఎంత నొక్కినా బిజీ, బిజీ అనే చెప్పె. తమ్ముడికి రింగే పోలే. నీ టవర్‌కి శనివారం రష్షా?"

"అవునక్కా. రష్."

"అయ్యో, షేమ్, పాపం నువ్వేం చేస్తావులే. అన్నం తింటివా?"

తిన్నాను. ఆ ఇంట్లో, ఆ రోజు, ఆ చేతి అన్నం తిన్నాను. ఇందులో పెంచి చెప్పడానికి నాకేమీ దొరకడం లేదు.

సోమవారం ఆఫీసులో ఆ శనివారం మధ్యాహ్నపు అంకెలు తీసి చూశాను. చూడకుండా ఉండాల్సిందా? రోడ్డు కోసం అట్టిపెట్టిన దారుల్లో ఒక్క కాల్ కూడా లేదు. ఆ దారులను ఎవరికీ చెప్పకుండా గుట్ట మీది ఇళ్లకు మార్చేశాను. ఫోన్ కలిసినా ఆయన బతికేవాడా అని నన్ను నేను అడుగుతూ ఎన్నిసార్లు తప్పించుకోబోయానో. అది తెలుసుకునే వీలే ఆమెకు లేకుండా చేశానుగా అన్నచోట కాళ్లు ఆగిపోతాయి.

"మా బాబు టవర్లు చూస్తాడు" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటూనే ఆమె కూడా పోయింది. వినాల్సిన మనిషి లేదు. క్షమించడం మీ చేతిలో లేదు. అడగను. భుజం మార్చుకునేంత ఊపిరి దొరికితే చాలు.

అక్కా, ఆ రోజు రష్ లేదు. దారులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉంచింది నేనే.