అంగుళం వదిలిన గిటారు

ఆరు తీగల గిటారు ఉండగా నాలుగు తీగలదాన్ని ఎందుకు పట్టుకున్నావని అడిగినవాళ్లందరికీ నేనొకటే చెప్పేవాణ్ని. నా చదువు ఏడో తరగతి దాకా, ఆ చదువుకు ఆరు తీగలు ఎక్కువ. నిజానికి ఏడులో కూర్చున్నానే గాని గట్టెక్కలేదు. ఆ లెక్కన నాలుగు తీగలు కూడా కొంచెం తెగించి తీసుకున్నట్టే.

అప్పట్లో నాకు శాలిబండలో టైలర్ షాపు ఉండేది. షాపంటే ఒక కుట్టుమిషను, ఒక నిలువుటద్దం, గోడ నిండా మేకులు, మేకులకు వేలాడే, గుడ్డ కోతకు అచ్చుగా పెట్టుకునే కాగితం ఫర్మాలు. ప్యాంటు అంచులు చీపురుకట్టల్లాగా రోడ్డు ఊడ్చుకుంటూ పోయే రోజులవి. వచ్చినవాడల్లా అద్దంలో తన నడుమునే చూసుకునేవాడు. వాడి కాళ్ల దగ్గర, నోట్లో గుండుసూదులు కరిచిపట్టి కూర్చున్న నా మొహం ఎవడూ చూసింది లేదు. పెళ్లిళ్లలో నా గిరాకీలు నన్ను గుర్తుపట్టేవాళ్లు కాదు. నేను మాత్రం వాళ్లను వెనకనుంచి కూడా గుర్తుపట్టేవాణ్ని.

మా గల్లీలో ఒకాయన ఆర్కెస్ట్రా నడిపేవాడు. కోస్తా నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు, సాయంత్రమైతే అకార్డియన్ తగిలించుకునేవాడు. వినాయక మండపాల్లో సినిమా పాటలు వాయించే బృందం అది. ఒకరోజు ఆరుగురికి ఆరు కోట్లు, ఒకే రంగువి, మెరిసే కాలర్లతో కావాలని వచ్చాడు. కొలతలు తీస్తూ తీస్తూ, ఏడో కోటు నాకు కుట్టుకుని మీ బృందంలో బేస్ గిటారు వాయిస్తానన్నాను.

“మీకు వాయించడం వచ్చాండీ?” అన్నాడు.

“గుడ్డ మిగిలింది సార్,” అన్నాను.

ఆయన నవ్వాడు, నన్ను చేర్చుకున్నాడు. కుట్టుకూలి అడగని సభ్యుడు ఏ బృందానికైనా ముద్దే అన్న సంగతి నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం నాలో కళేదో కనిపించి ఉంటుందనుకున్నాను.

ఇక గిటారు కావాలి. పాతబస్తీలో బేస్ గిటారు అడిగితే దుకాణంవాడు తబలా చూపించి, లావు సౌండు దీంట్లోనే వస్తుందనేవాడు. నా అదృష్టం కొద్దీ సికింద్రాబాదు బ్యాండులో వాయించే ఒకతను ప్యాంటు వెడల్పు చేయించుకోవడానికి వచ్చాడు. వీపున బేస్ గిటారు. ప్యాంటు విప్పి లుంగీ కట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడికీ పోలేడు కాబట్టి, అతని గిటారును తీరిగ్గా టేపు పెట్టి కొలిచాను. మెడ పొడుగు, నడుము, వెడల్పు, మెడ మీద వేలు నొక్కే మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం, అన్నీ కొలతల పుస్తకంలో రాసుకున్నాను. మీటి చూడమని అతనే అన్నాడు గాని, కొలత చాలన్నాను.

ఆ రాత్రే కాగితం ఫర్మా కోశాను. మా పనిలో ఒక ఆచారం ఉంది. ఏది కోసినా లోపల ఓ అంగుళం వదులుతాం. మనిషికి పెళ్లవుతుంది, పొట్ట వస్తుంది, అప్పుడు కుట్లు విప్పి వదులు చేయాలి. ఆ అంగుళం బుర్ర వదిలేది కాదు, చెయ్యి వదిలేది. గిటారు ఫర్మాకు కూడా కింది చివర చెయ్యి తన అంగుళం తను వదిలేసింది. మంచి పనివాణ్ని కదా.

ఫర్మా తీసుకుని వెనక గల్లీలో తలుపులు చేసే వడ్ల ఆయన దగ్గరికి పోయాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గిది ఏ ఇంటి తలుపు అన్నా, అని అడిగాడు. కూలగొట్టిన ఇంటి గుమ్మం చెక్క, పాత టేకుది, దాంతోనే చేసి ఇచ్చాడు. గీత మీద గీత, వెంట్రుకంత కూడా తేడా లేదు. భుజానికి వేసుకుంటే ఆ ఇంటినంతా మోస్తున్నట్టే ఉండేది. సన్న తీగలు రెండు ఎక్కడో దొరికాయి. లావు తీగలకు సైకిల్ షాపులో బ్రేకు వైర్లు వేళ్ల మధ్య నలిపి చూసి ఏరుకున్నాను. రేడియో మెకానిక్ ఒకాయన తీగచుట్ట, అయస్కాంతం బిగించి, వైరు వదిలాడు.

రెండేళ్లు వాయించాను. మెరిసే కాలరు కోటు, భుజాన గుమ్మం, ఎదురుగా జనం. వాళ్లు నా మొహం చూస్తున్నారు! తీగ మీటితే చెక్క అదిరి నా పొట్టలో గుమ్మని మోగేది. నా పొట్టలో మోగింది కాబట్టి ఊరంతా మోగుతోందనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడను అడిగేవాణ్ని, వినబడిందా అని. మస్తు వినవడ్డది అనేది, చీర మడతపెట్టుకుంటూ. ఎట్లుంది అంటే మంచిగుంది అనేది. ఇంకేం కావాలి?

మూడో ఏడు వినాయక చవితికి ముందు గుమాస్తాగారు షాపుకొచ్చి స్టూలు మీద అంచున కూర్చున్నాడు. అంచున కూర్చున్నవాడు మంచి కబురు తేడని టైలరుకు తెలుసు. ఎడమచేత్తోనే బేస్ కూడా పలికించే ఎలక్ట్రిక్ ఆర్గాన్ అబ్బాయి ఒకడు దొరికాడట. వ్యానులో చోటేమో చాలడం లేదట.

“బేస్ ఉందో లేదో జనానికి తెలియడం లేదండీ,” అన్నాడు. “ఈసారి ధూల్‌పేట మండపం ప్రోగ్రాంలో మీరు వినబడాలి. వినబడితే ఉంటారు. లేదంటే మీరేమీ అనుకోకూడదు.”

ఏమీ అనుకోకుండా ఉండటం ఎలా? ఏడాదికి పది రోజులు నాకు మొహం ఉండేది. ఆ పది రోజులూ పోతే మళ్లీ గుండుసూదులే.

వెంటనే మైకుసెట్టు భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఈద్ అయినా చవితి అయినా మా వైపు కరెంటు స్తంభాలకు హారన్లు కట్టేది ఆయనే. నా గిటారు సౌండు పెంచమన్నాను. ఆయన టీ సాసరులో పోసుకుని, ఊది, తాగి, అప్పుడు చెప్పాడు.

“మాస్టర్, పెంచనీకి వైరు ఉండాలె గద. మొదటి ఏడు పెట్టిన. హారన్ల ముసలోడు గొంతు సవరించుకున్నట్టు వచ్చింది. పోయినేడు తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పేటందుకు మైకు డబ్బాల జాగ లేకుండె, నీ వైరు పీకిన. నువ్వేమనలె. మాస్టర్‌కు ఎర్కేనేమో అనుకున్న.”

పది రోజులు, రోజుకు మూడు గంటలు, వైరు లేని గిటారును కళ్లు మూసుకుని, తల ఊపుతూ వాయించాను. ఒక్కోసారి చెమట కూడా తుడుచుకున్నాను.

భాయ్ మనసున్నవాడు. గుమ్మని వచ్చే సౌండుకు హారన్లు పనికిరావు, పెద్ద డబ్బా స్పీకరు కావాలన్నాడు. గురువారం పొద్దున్నే జుమ్మెరాత్ బజార్ పాతసామాన్ల సంతకు పోయాను. పాత తాళాలు, ఒంటి చెప్పులు, చక్రం లేని సైకిళ్ల నడుమ ఒకతను, కూలగొట్టిన సినిమా హాలు స్పీకర్లు, వాటి యాంప్లిఫైయర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఈ డబ్బాల ఎంతమంది హీరోయిన్లు ఏడ్చిన్రో నీకేమెర్క అన్నా, అన్నాడు. స్పీకరు కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాను. సూటు గుడ్డయితే నా వేళ్లు దాని ఊరూ పేరూ చెబుతాయి. స్పీకరు గురించి ఏమీ చెప్పలేదు. అందుకని అన్నిటికంటే పెద్దది తీసుకున్నాను.

వడ్ల ఆయన దానికి బీరువా అంత పెట్టె చేశాడు. మిగిలిన కోటు గుడ్డ ఆ పెట్టెకు తొడిగాను. మెరిసే కాలరు కూడా పెట్టాను. బృందంలో ఎనిమిదోవాడిలాగా ఉంది, నాకంటే అందంగా ఉంది.

ఇంట్లో పెట్టి లావు తీగ ఒక్కసారి మీటాను. వంటింట్లో గిన్నెలు దొర్లాయి. పక్కింటాయన చేతిలో అన్నం ముద్దతో బయటికొచ్చి ఆకాశం చూశాడు. మా ఆవిడ అరల మీది గిన్నెలన్నీ కిందికి దించి వరసగా పెట్టింది. అది మెప్పనుకున్నాను. ఇంకో వాయిద్యం పక్కన పెట్టుకుని చూడాలని నాకు తోచలేదు. శ్రుతి సంగతి కాదు కదా సమస్య, వినబడటమే కదా!

ధూల్‌పేట మండపంలో సాయంత్రం హారతి అయింది. జనం కూర్చున్నారు, ఆడవాళ్ల వైపు ముందు వరసలో మా ఆవిడ. భాయ్ స్వయంగా నా వైరు బిగించి, సరేనా మాస్టర్ అన్నట్టు చెయ్యి ఎత్తాడు. మొదటి పాట బాగానే పోయింది. అందులో నాకు వట్టి తీగలు మీటడమే పని, మెడ మీద వేలు పెట్టేది తక్కువ. రేకుల కప్పు అదిరింది. ముందు వరసలో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుమాస్తాగారు నా వైపు తిరిగి తల ఊపాడు. నేనూ ఊపాను. అయిపోయింది, నా చోటు నాకు దక్కిందనుకున్నాను.

రెండో పాటలో వేళ్లు మెడ మీద పైకి పోవాలి. పోయాను. పాడేవాడు పాడుతూ పాడుతూ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. గుమాస్తాగారు వాడి వైపు కోపంగా చూశాడు. వాడు అకార్డియన్ వైపు చూశాడు. ఇద్దరూ కలిసి మామూలు గిటారు అతని వైపు చూస్తే, అతను పాట మధ్యలోనే పాపం తీగలు బిగించడం మొదలుపెట్టాడు. అందరూ ఇట్లా శ్రుతి తప్పితే నేనొక్కణ్నే ఎంతని మొయ్యను అని ఇంకా గట్టిగా మీటాను. నేను పైకి పోయినకొద్దీ పాట కిందికి జారింది. జనంలో ఎవరో ఈల వేశారు. మెచ్చుకునే ఈల కాదు.

అంతలో ఒక్కసారిగా పాట తేటపడింది. గొంతు, అకార్డియన్, గిటారు అన్నీ ఒకదాన్నొకటి దొరకబుచ్చుకున్నాయి. చప్పట్లు మోగాయి. చూస్తే భాయ్ మైకు డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో నా వైరు. ఎవరూ చెప్పకుండానే పీకాడు. నేను చివరి పాట దాకా వాయించాను. కళ్లు మాత్రం మూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కొలతల పుస్తకం తీసి గిటారుకు టేపు పెట్టాను. మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. మెడ పైన మొదలైన తీగ కింద ఆనుకునే చెక్కముక్క మాత్రం ఉండాల్సిన చోటికంటే అంగుళం కిందికి ఉంది. తీగ పొడుగు పెరిగింది, మెట్లు ఉన్నచోటే ఉన్నాయి, అందుకే వట్టి తీగ సరిగ్గా పలికినా మెట్టు మీద వేలు పెడితే స్వరం తప్పింది. నా అంగుళమే. పొట్ట పెరిగితే వదులు చేయడానికి వదిలిన అంగుళం.

వడ్ల ఆయన మీదికి పోయాను, చూసి కోయొద్దా అని. నువ్వు గీసిన గీత నేను దాటుతనా అన్నా, అన్నాడు ఆయన, నింపాదిగా. అన్నాక ఆ చెక్కముక్కను ఊడదీసి అంగుళం పైకి జరిపి బిగించాడు. నేను తెప్పించిన టీ చల్లారేలోపల పని అయిపోయింది. మూడేళ్ల తప్పుకు ఆ మాత్రం సేపే పట్టింది.

సాయంత్రం గుమాస్తాగారు వచ్చాడు. ఈసారి స్టూలు మధ్యలో కూర్చున్నాడు. ఆర్గాన్ అబ్బాయికి కోటు కావాలన్నాడు. కొలత కాగితం నా చేతికిచ్చి, అద్దంలో తనను తాను చూసుకుంటూ చెప్పాడు.

“మీరు మానేయొద్దండీ. స్టేజీ మీద మీరు నిలబడే తీరు బాగుంటుంది, కోటు మీకే నప్పుతుంది. ఆ పెట్టె కూడా వెనకాల చూడ్డానికి బాగుంది. వైరు మాత్రం పెట్టొద్దు.”

అంగుళం సంగతి చెప్పాలని నోరు తెరిచాను. నోట్లో గుండుసూదులున్నాయి. తీసేలోపల ఆయన వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఫర్మా, అంగుళం, చెక్కముక్క, అన్నీ విప్పి చెప్పాను. తప్పు నాది కాదు, అంగుళానిది అన్నాను. ఇప్పుడు జరిపించాను, ఇక శ్రుతి తప్పే ప్రశ్నే లేదు, రేపు ఆయన కాళ్లు పట్టుకునైనా వైరు పెట్టిస్తానన్నాను. ఆమె కింద వరసగా పెట్టిన గిన్నెలను ఒక్కొక్కటే మళ్లీ అరల మీదికి ఎక్కిస్తోంది. ఆఖరి గిన్నె పెట్టి నా వైపు తిరిగింది.

“అంగుళం జరిపితే కర్ర మంచిగైతది,” అంది. “నిన్న గంతసేపు పక్కనే నిలవడి విన్నా ఎర్కగాని నీ చెవులను యాడికి జరుపుతవ్?”