అన్న పేరు మీద నా ఎక్స్‌రే

తొంభైల చివర్లో మా బోధన్ పక్క ఊళ్లల్లో "అన్‌ఫిట్" అంటే ఒంట్లో బలం చాలకపోవడమనే అనుకునేవాళ్లం. గల్ఫ్ వీసా కోసం హైదరాబాద్‌లో మెడికల్‌కు వెళ్లినవాడు అన్‌ఫిట్ అయి తిరిగొస్తే, తాకత్ లేదని ఇంటిల్లిపాదీ తేల్చేసేవారు. ఆ రోజు నుంచి వాడికి రోజూ రెండు గుడ్లు, పెద్ద గ్లాసుడు పాలు. అలా రెండు నెలలు మేపి మళ్లీ పంపేవారు.

మా అన్నకూ అదే వైద్యం చేశాం. చెరుకు కొట్టడం తప్ప వేరే ఆధారం లేనివాడు, చిన్న కూతురున్నవాడు. ఎడారిలోనైనా నెలనెలా జీతం వస్తుందని ఆశపడ్డాడు. మెడికల్ సెంటర్ వాళ్లు చేతిలో పెట్టిన కాగితం మీద ఒకటే మాట ఉంది. ఛాతీలో ఏం కనబడిందో వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. దగ్గు ఉండేది. చెరుకు కొట్టేవాళ్లలో దగ్గు లేనిదెవరికి అనుకున్నాం.

రెండోసారీ అన్‌ఫిటే. అప్పుడు ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడు. అన్నదమ్ముల ముఖాలు ఒక్కలాగే ఉన్నాయి, ఈసారి వేరే సెంటర్‌లో తమ్ముణ్ని నిలబెట్టమన్నాడు. ఆ తమ్ముణ్ని నేనే. అన్న చొక్కా తొడుక్కుని, అన్న పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లి, చల్లటి పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టాను. ఫిట్ అని కాగితం వచ్చింది. ఘనకార్యం చేసినట్టు ఊరంతా తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లిన పదిహేను రోజులకే అన్న తిరిగొచ్చాడు. అక్కడ మళ్లీ ఎక్స్‌రే తీశారట. అది చూసిన వెంటనే మిగతావాళ్ల నుంచి వేరుచేసి ఒంటరి గదిలో పెట్టారట. అట్నుంచటే విమానం ఎక్కించేశారు.

అప్పుడు గానీ అతణ్ని నిజామాబాద్ సర్కారు దవాఖానకు తీసుకెళ్లాలని మాకు తట్టలేదు. డాక్టరమ్మ తెమడ పరీక్ష చేయించి టీబీ అంది. మందులు ఇక్కడే ఉచితంగా ఇస్తారంది. నేను నివ్వెరపోయాను. ఏడాదిగా మేం గుడ్లూ పాలూ పెట్టి మాన్పాలని చూసిన జబ్బుకు మాత్రలు ఒక బస్సు దూరంలోనే ఉన్నాయి. పరాయి దేశం తన జనాన్ని కాపాడుకోవడానికి మా అన్న ఛాతీని మూడుసార్లు చూసింది. అందులో ఒక్కటీ అన్న కోసం చూసింది కాదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఇంట్లో పిల్లలుంటే తీసుకురమ్మంది డాక్టరమ్మ. మర్నాడు అన్న నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకుని వెళ్లాం. కొన్ని నెలలుగా అది వంగి నడుస్తుంటే ముసలమ్మ అని ఆటపట్టించేవాళ్లం. అదీ నవ్వేది. డాక్టరమ్మ గౌను పైకెత్తి, వెన్ను వెంట వేలితో తడుముతూ ఒకచోట ఆగిపోయింది. అక్కడ ఎముక పైకి పొడుచుకొచ్చింది. పిల్లకూ అదే జబ్బు, ఎముకకు పట్టిందంది. మందులతో బతుకుతుంది, నడుము మాత్రం ఇక నిటారుగా కాకపోవచ్చంది. రాత్రిళ్లు ఎవరి దగ్గర పడుకుంటుందని అడిగింది.

అన్న పిల్ల గౌను కిందికి సర్దాడు.

"గా దేశపోళ్లు నన్ను ఒక్కపూట గూడ మందిల ఉంచలే, మేడం," అన్నాడు. "నేను దీన్ని ఏడాదంత నా ఛాతి మీదనే పండవెట్టుకున్న."