తాగని సామ్యేలు, అక్క స్కూటీ: మెట్టుగూడ నుంచి లాలాపేట్ దాకా

ఆరేళ్లు నానబెట్టిన పీహెచ్‌డీ థీసిస్‌ను యూనివర్సిటీలో ఇచ్చేసిన రోజు సాయంత్రం, హాస్టల్ మెస్‌లో మళ్లీ అదే సాంబారు తినడానికి నా మనసు ఒప్పుకోలేదు. మెట్టుగూడలో ఒక పబ్ ఉంది, అక్కడికి వెళ్దామని రూమ్మేట్ సామ్యేలును బయల్దేరదీశాను. వాడికి శ్రమ దినాలు, అంటే క్రైస్తవుల ఉపవాస రోజులు, నడుస్తున్నాయి, ఈస్టర్ దాకా మందు ముట్టడు. తాగనివాడు ఒకడు వెంట ఉంటే ఇల్లు చేరడం గురించి బెంగ ఉండదు కదా. ఆ ధైర్యంతోనే లాలాపేట్ వెళ్లి మా అక్కను స్కూటీ అడిగాను. అక్క మౌలాలిలో నర్సు. మర్నాడు పొద్దున ఆరింటికి ఇన్‌ఛార్జిగా ఆమెకు మొదటి డ్యూటీ.

“రాత్రికి బండి ఇంట్ల ఉండాలె. రేపు లేటైతే నా ఇజ్జత్ పోతది,” అంది.

“సామ్యేల్ తాగడక్కా,” అన్నాను. వెంటనే తాళం ఇచ్చేసింది. నా మాటకు లేని విలువ వాడి పేరుకు ఉంది.

తార్నాక చౌరస్తా నుంచి మెట్టుగూడకు మెట్రో కింద దారి సూటిగా ఉంటుంది, ట్రాఫిక్‌లో కూడా ఇరవై నిమిషాలు మించదు. పోయేటప్పుడు నేను నడిపాను, సామ్యేలు వెనక కూర్చున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పబ్ వెనక పార్కింగ్ ఉంది, వాచ్‌మన్ కూడా ఉంటాడు. నేను రెండు బీర్లు తాగాను. పొద్దంతా ఉపవాసం ఉన్న సామ్యేలు మూడు ప్లేట్ల పల్లీ మసాలా తిన్నాడు. ఇద్దరికీ కలిపి పదిహేను వందల లోపే అయింది.

బయటికొచ్చేసరికి మెట్రో బంద్ అయింది. తాళం సామ్యేలు చేతిలో పెట్టాను.

“ఇది నాకెందుకు?” అన్నాడు.

“నడపనీకి.”

“నాకు బండి రాదు గదరా.”

“మరెందుకొచ్చినవ్?”

“తాగనోడు కావాలంటివి, తాగలే. నడపొస్తదా అని ఎన్నడన్న అడిగినవా?”

రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం. వాడు క్యాంపస్ అంతా సైకిల్ మీదే ఎందుకు తిరుగుతాడో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఎదురుగా ఒక ఆటో ఆగి ఉంది. మా స్కూటీ కాస్త లాలాపేట్ దాకా నడపమని డ్రైవర్‌ను బతిమాలాను. “నేను మీ బండి నడిపితే నా ఆటో ఎవరు తెస్తరన్నా? ఈ తమ్మునికి ఆటో వస్తదా?” అన్నాడతను. సామ్యేలు నిజాయితీగా తల అడ్డంగా ఊపాడు.

“రెండు బీర్లేరా, పది నిమిషాల దారి. మెల్లగ పోత,” అని తాళం అడిగాను. సామ్యేలు దాన్ని చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు. “నాకు నడపనీకి రాదు గానీ, నిన్ను ఆపనీకి వస్తది. అక్కకు ఫోన్ చెయ్,” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఫోన్ చేశాను.

అక్క అంతా వింది. “బండి ఆడ్నే ఉండనీ. ఇద్దరు ఆటోల రాన్రి,” అంది. రెండు వందలు తీసుకుని ఆ డ్రైవరే లాలాపేట్‌లో దింపాడు. గేటు దగ్గరే నిలబడి ఉన్న అక్క నావైపు చూడకుండా, “తిన్నవా సామ్యేల్?” అని అడిగింది. మూడు ప్లేట్ల పల్లీలు తిన్నవాడు, “లేదక్కా,” అన్నాడు. అక్క సాంబారు వేడిచేసి ఇద్దరికీ వడ్డించింది.

తెల్లవారకముందే నన్ను లేపి, ఆటోలో మెట్టుగూడ తీసుకెళ్లింది. స్కూటీ ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది. అక్క నడిపింది, తలనొప్పితో నేను వెనక కూర్చున్నాను. మౌలాలి దాకా ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా ఆమె నెమ్మది చేయలేదు. ఆరు కాకముందే చేరాం.

హెల్మెట్ తీసి, “రాత్రి నువ్వే నడిపి కిందమీద పడ్డుంటే, నేను గీ డ్యూటీకి వద్దునా, నీ మంచం పక్కన కూసుందునా?” అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రాత్రంతా కోపంతో మాట్లాడలేదనుకున్నాను, భయపడిందని అప్పుడు తెలిసింది. నాకు చాలా సిగ్గేసింది.

ఇలాంటి రాత్రి మీరు బయల్దేరేటప్పుడు ఎవరు తాగరో అడగడంతో ఆగకండి, వాళ్లకు బండి నడపడం వచ్చో రాదో కూడా అడగండి. రాకపోతే బండి ఇంట్లోనే వదిలి, ఆటోలో వెళ్లి ఆటోలో రండి. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున క్యాంపస్ రోడ్ల మీద సామ్యేలుకు స్కూటీ నేర్పిస్తున్నాను, అక్క ఆర్డరు. బండి అడిగితే అక్క ఇప్పటికీ ఇస్తుంది. తాళం మాత్రం నా ముందే వాడి చేతిలో పెడుతుంది.