బిడ్డ పేరు చదివిన నోరు

మా ఆయన పేరు దేవసహాయం. సినిమాలల్ల లైట్‌మన్. ముప్పై ఏండ్లు జూబ్లీహిల్స్ బంగ్లాలల్ల, ఫిల్మ్‌నగర్ సెట్లల్ల లైట్లు మోసి మోసి కుడి భుజం కిందికి వంగిపోయింది. ఎంత పెద్ద సినిమా అయినా ఆదివారం పనికి పోకపోతుండె. "జర పోరాదయ్యా, రేపు మళ్ల పిలువరు" అని నేను మొత్తుకున్నా ఇనలే. కృష్ణానగర్ గల్లీల డ్రెస్సులు కుట్టే దుకాణం మీద రేకుల హాలుంది, గదే మా చర్చి. గాడ ఆయన సంఘపెద్ద.

ఇంట్ల మాత్రం బిడ్డ ముందల ఏ పెద్దరికం లేకుండె. రష్మి మా ఒక్కగానొక్క బిడ్డ. షూటింగ్ల పెట్టిన బిర్యానీ మూటగట్టి దానికి తెచ్చేటోడు, తను పెరుగన్నం తినొచ్చేటోడు. పదో తరగతి దాక జడ ఆయనే ఏసిండు. నాకు చేతగాదా? ఏయనిస్తే గదా!

గట్లాంటి బిడ్డ తిరుమలేశ్‌ను చేసుకున్నది. పిలగాడు మంచోడే, ఎడిటింగ్ పని చేస్తడు. గానీ పెండ్లి గుడిల అయింది. మా సంఘంల ఒక కట్టడి ఉంది. బయట పెండ్లి చేసుకున్నోళ్ల పేరు ఆదివారం అందరి ముందల చదివి, ప్రభువు బల్లకు దూరం పెడ్తరు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు వాళ్లకియ్యరు. వచ్చి తప్పు ఒప్పుకుంటేనే మళ్ల కలుపుకుంటరు. పాస్టర్ అయ్యగారు "మీరొద్దు, వేరేటోళ్లు చదువుతరు" అన్నడు. మా ఆయన ఇంటే గదా! "పోయినేడు తోటి పెద్ద కమలాకర్ కొడుకు పేరు నేనే చదివిన. నా బిడ్డదైతే దాసుకుంటనా?" అన్నడు. చదివిండు. గొంతు కూడ వణకలే.

ఇంటికి రాంగనే "నీది నోరేనా?" అన్న. రష్మి "నేనేం తప్పు చేసిన్నని ఒప్పుకోవాలె" అని ఇటు దిక్కు రాలే. వాళ్లుండే శ్రీనగర్ కాలనీ ఎంత దూరం? నడిస్తే అరగంట. ఆరేండ్లు ఆయనా పోలే, అదీ రాలే. నేనే దొంగలెక్క పోయొస్తుంటి.

పోయిన వానకాలం ఊపిరితిత్తులు పాడై ఎర్రగడ్డ దవాఖాన్ల పడ్డడు. ఫోన్ చేస్తే రష్మి ఉరికొచ్చింది. తండ్రి కాళ్లకాడ నిలబడ్డది. గప్పుడే పాస్టర్ అయ్యగారు రొట్టె, రసం పట్టుకొచ్చిండు. రోగంల ఉన్నోళ్లకు మంచం కాడికే తెచ్చిస్తరు. మా ఆయన నోరు గట్టిగ మూసుకున్నడు.

"తీసుకోవయ్యా, ఏందీ మొండితనం?" అన్న.

"దాని పేరు చదివిన్నాటి సంది నేను ముట్టలే," అన్నడు ఆయాసపడుకుంట. "ముందు దానికియ్యండి."

నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. పంచే పెద్దలు అందరికీ ఇచ్చినంక ఆఖర్ల, బల్ల ఎనక నిలబడి తింటరు. ఆడోళ్ల చాపల మీద కూసున్న మాకేం కనబడుతది? తింటుండనే అనుకున్న. ఆరేండ్లు అందరికీ పంచి తను పస్తున్నడు, పక్కల పండుకున్న నాకు తెల్వలే. రష్మి ఆయన పాదాలు పట్టుకొని "నాయినా, నాకొక్క మాట చెప్పకపోతివి" అని బోరుమన్నది.

పాస్టర్ అయ్యగారు చేతిల రొట్టె దిక్కు చూసిండు. "సంఘం ఒప్పుకోవాలె గదా. ఆదివారం అడుగుత," అన్నడు. మా ఆయన తల ఊపిండు. తనే పట్టుబట్టి నడిపించిన కట్టడి ఆయె, ఇంకేం అంటడు? శుక్రవారం పొద్దుగాల పాణం పోయింది. శనివారం మట్టిచేసినం.

ఆదివారం పాస్టర్ అయ్యగారు ఆయన పస్తు సంగతి చెప్తే, సంఘమంత ఒక్కమాట మీద రష్మిని కలుపుకున్నది. తప్పు ఒప్పుకొమ్మని ఎవ్వరూ అడగలే. కమలాకర్ కొడుకు ఇంక బయటనే ఉన్నడు, అయినా ఆ కమలాకరే రొట్టె పళ్లెం తెచ్చి దాని ముందల పట్టిండు. అది ఒక ముక్క తీసుకొని పిడికిలి మూసి కూసున్నది.

"నాయిన తినలే గదమ్మా," అన్నది.

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఆయన మీదనో, దీని మీదనో, ఆ కట్టడి మీదనో నాకే తెల్వదు. చర్చంత ఇంటుండంగ "తినవే! నీకు పెట్టాలెననే గదనే ఆయన పస్తున్నది!" అని ఒర్రిన. పిడికిలి ఇప్పి, ముక్కను నా చేత్తోని దాని నోట్ల పెట్టిన.

నమలలే, మింగలే. దవుడకు పెట్టుకొని అట్లనే ఏడ్చింది.