మైకులో చెప్పకూడని బరువు

నిన్న పొద్దున పెనం మీద చోడిపిండి (రాగిపిండి) అట్టు వేశానో లేదో, ఫోన్ వచ్చింది.

"రాజ్యం మేడం పోయారట. నిద్రలోనే."

అట్టు మాడిపోయింది. ఆవిడే పక్కన ఉంటే "మాడిస్తే ఐరన్ పెరగదమ్మా, తిప్పు" అనేవారు.

నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారమే ఫోన్ చేసి, మా అబ్బాయి టిఫిన్ బాక్సులో ఏం పెడుతున్నానో ఆరా తీశారు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రాజ్యం మేడం హోమ్ సైన్స్ లెక్చరర్, విజయనగరం వైపు మనిషి. ఇరవయ్యేళ్ల కిందట వైజాగ్‌లో కొందరు డైటీషియన్లు, లెక్చరర్లు, ఒక పిల్లల డాక్టరు కలిసి పెట్టుకున్న మా పోషకాహార బృందానికి ఆవిడే పెద్దదిక్కు.

నెలకో శనివారం తూకం కాటా, చార్టులు పట్టుకుని భీమిలి బస్సెక్కేవాళ్లం. అక్కడి మత్స్యకారుల పేటలో పిల్లల్ని తూచడం, వాళ్లకి ఏం పెట్టాలో తల్లులకు చెప్పడం మా పని.

నేను మా ఆయన స్టీల్ ప్లాంట్ ఉద్యోగం వెంట కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొత్త డైటీషియన్ని. చేతిలో డిగ్రీ, నోటి నిండా ప్రొటీన్లు, కేలరీలు.

"హెల్తీ బేబీ కాంపిటీషన్" ఐడియా నాదే.

షామియానా, బ్యానర్, మైకు. ఫస్ట్ ప్రైజ్ స్టీల్ క్యారేజీ. గెలిచింది నూకరత్నం మనవడు అప్పన్న, పది నెలలవాడు.

నేను మైకు పట్టుకుని వాడి బరువు ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. "ఇంత బొద్దుగా ఉన్న బాబు ఈ పేటలోనే లేడు" అని కూడా అన్నాను. చప్పట్లు కొట్టింది మా వాళ్లు మాత్రమేనని అప్పుడు గమనించనే లేదు.

వారం తర్వాత ఫోటోలు ఇద్దామని వెళ్తే ఒక్క తల్లి కూడా పిల్లాడిని బయటికి తేలేదు. నూకరత్నం ఎదురొచ్చి క్యారేజీ నా చేతిలో పెట్టేసింది.

"మీ గిన్నెలు మీరే అట్టుకుపోండమ్మా. ఊరందరి సూపూ నా గుంటడి మీదేసినారు. రెండ్రోజుల్నించి ఒకటే ఇరోసనాలు. ఇంక ఈ పేటలో తూకాల్లేవు."

లోపల అప్పన్న చాప మీద వాడిపోయి ఉన్నాడు. కళ్లు లోతుకు పోయాయి. విరేచనాలు ఆగేదాకా ఏమీ పెట్టకూడదని, నీళ్లు కూడా చెంచాడే పోస్తున్నారు. కోడలు మూల నిలబడి ఏడుస్తోంది గానీ అత్త మాట దాటలేదు.

నేను సూక్ష్మక్రిముల మీద లెక్చర్ మొదలుపెట్టబోయాను. మేడం నా మోచెయ్యి నొక్కి, "రత్నం, ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయా?" అన్నారు.

ఆవిడే దిష్టి తీశారు! మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశారు. మా డాక్టరు గారు సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

తర్వాత అదే ఉప్పు డబ్బాలోంచి అర చెంచా తీసి, ఆరు చెంచాల పంచదారతో, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలిపారు.

"దిష్టి పోనాది రత్నం. ఇంక గుంటడికి దాహమేస్తాది, ఆకలేస్తాది. ఆకలేసినోడికి పెట్టకపోతే పాపం మనకే. నువ్వే తాగించు."

నూకరత్నం తాగించింది. సాయంత్రానికి మెత్తటి పప్పన్నం కూడా పెట్టింది. వాడు ఉచ్చ పోసేదాకా డాక్టరు గారు అక్కడి నుంచి కదల్లేదు.

తిరుగు బస్సులో నేను గొడవ పెట్టుకున్నాను. "మనం సైన్స్ వాళ్లం మేడం. మిరపకాయలేంటి?"

ఆవిడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "దిష్టి తియ్యకపోతే గ్లాసు నోటిదాకా వెళ్లనిచ్చేదా? మైకు నీది, మిరపకాయలు నావి. చెల్లుకు చెల్లు. కాయలు తిను" అన్నారు.

తిన్నాను గానీ, మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ నెల నుంచి మా పద్ధతి మారింది. సంచిలో కాటాతో పాటు కాటుక డబ్బీ. ముందు బుగ్గన చుక్క, తర్వాతే తూకం. బరువు పైకి చదవం. కార్డు మీద గీత గీసి ఇంట్లో పెద్దావిడకి చూపిస్తాం. గీత పైకి పోతోందా, కిందికి పోతోందా, అంతే.

ఒక్కొక్కరే మళ్లీ పిల్లల్ని తేవడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడాది పోటీ మళ్లీ పెట్టాం. ప్రైజు మాత్రం నాయనమ్మలకి, అమ్మమ్మలకి. "పిల్లాడి నోట్లోకి ఏం వెళ్లాలో తేల్చేది వాళ్లేగా" అన్నారు మేడం.

"ముసిల్దానికి దిష్టేటి తగుల్తాది" అంటూ నూకరత్నం అదే క్యారేజీ అందుకుని, నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"మా కోడలు గుడ్డు పెడతానంటే నానే ఒద్దన్నాను. ఇప్పుడు నానే పెడతన్నాను. మీరూ పెట్టండి!"

నా ఏడాది లెక్చర్లన్నీ ఆ ఒక్క ముక్క ముందు దిగదుడుపే.

నిన్న మేడం ఇంటికి వెళ్లేసరికి నూకరత్నం మాకంటే ముందే వచ్చి కూర్చుంది. తీసుకొచ్చింది అప్పన్న. మీసాలొచ్చాయి. స్టీల్ ప్లాంట్‌లో అప్రెంటిస్ అట. గుమ్మం తగలకుండా వంగి లోపలికి వచ్చాడు.

"ఇన్నేళ్లూ మా అమ్మగోరు మంచోరు, మంచోరు అని అందరం అనేసినాం. తగిలేసినాది" అంది నూకరత్నం.

డెబ్భై ఆరేళ్లు నిండిన మనిషికి! ఏడుస్తూనే నవ్వేశాం అందరం.

నూకరత్నం తన రొంటిలోంచి కాటుక డబ్బీ తీసి, మేడం బుగ్గ మీద చుక్క పెట్టింది.

డాక్టరు గారు ఈసారి అటు తిరగలేదు. డబ్బీ మూత నేనే పట్టుకున్నాను.

ఇంకా రాయాలని ఉంది గానీ రాయను. మీరు కూడా కామెంట్లలో కాస్త చూసుకుని పొగడండి.

వెళ్లి రండి మేడం. ఏ చూపూ తగలకుండా, హాయిగా నిద్రపోండి.