అత్తయ్య ఫోన్లో నడవాలి

మా వదిన పోయింది. మిరపకాయలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి. పొద్దున్నే అన్నయ్య నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ వదిన లేవట్లేదే" అన్నాడు.  నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పారట. గుంటూరులో మార్టూరు బస్సెక్కి, దారంతా ఆవిడ మీద కోపంతోనే కూర్చున్నాను. చేయాల్సిన పని అంత పెట్టుకుని ఇలా వెళ్ళిపోతారా ఎవరైనా?

వదిన చేసే పనేంటో మా బంధువుల్లో చాలామందికి తెలియదు. "ఎప్పుడూ ఆ కంప్యూటరేగా" అనేవారు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర కూడా అన్నారు. అక్కడ చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెబుతాను. వెబ్ పేజీ తెరవగానే ఓ బొమ్మ పక్కనుంచి జరిగి వస్తుంది, అక్షరాలు మెల్లగా పైకి తేలతాయి. అలాంటి కదలికలు చేసిపెట్టే చిన్న ప్లగిన్ ఒకటి వదిన రాసింది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, దాని కోడ్ తెరిచి బాగుచేయనూవచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో వాడుకుంటున్నారు, తలా ఓ చెయ్యి వేస్తున్నారు. నాకు ఈ పని నేర్పిందీ ఆవిడే. నా ఉద్యోగం ఆవిడ పెట్టిన భిక్షే.

ప్లగిన్‌లో తర్వాత ఏం చేయాలన్నది ఏటా మా మిరప కల్లంలోనే తేలేది. తాలుకాయలు, అంటే తెల్లబారిపోయినవి, ఏరి పక్కన పడేసేటప్పుడు చేతులకే పని గానీ నోటికి ఉండదు. అందుకని సరిగ్గా అప్పుడే సెలవు పెట్టించి మరీ నన్ను రప్పించేది. పట్టా మీద ఎదురెదురుగా కూర్చుని, ఏ కదలిక కొత్తగా చేర్చాలి, ఏది బరువైపోయింది, కదలికలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకి అవి ఆపేసుకునే వీలు ఎలా పెట్టాలి అని వాదించుకునేవాళ్ళం. ఒకటి తేలగానే వదిన చేతులు కొంగుకి తుడుచుకుని, పక్కనే ఉన్న లాప్‌టాప్‌లో టైపు చేసేది. కొంగుకి తుడిస్తే మిరప ఘాటు పోతుందా? ఆ కీబోర్డు ముట్టుకుని కన్ను నలుపుకున్నవాళ్ళ గతి అంతే. ఒకసారి అన్నయ్య సినిమా టికెట్లు బుక్ చేద్దామని కూర్చుని, ముక్కూ కళ్ళూ ఏకమై లేచాడు. "ఏంటండీ, సినిమా మొదలవకుండానే ఏడుస్తున్నారు" అంది వదిన.

ఎంత వాదించుకున్నా చివరి మాట మాది కాదు, మా అమ్మది. అమ్మ దగ్గరో పాత ఫోనుంది. అద్దం పగిలింది, సందుల్లో కారం దుమ్ము. వదిన అందులో ఓ పేజీ తెరిచి ఇచ్చేది. ఎర్రటి చుక్క ఒకటి ఎడమనుంచి కుడికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అంతే.

"అత్తయ్యా, ఎలా ఉంది?"

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసేది. "నడుస్తోందమ్మా" అంటే చేర్చినట్టే. "కుంటుతోందే" అంటే మాత్రం వదిన మళ్ళీ మొదటినుంచీ రాయాల్సిందే. ఊళ్ళల్లో జనం చేతుల్లో ఉండేవి ఇలాంటి ఫోన్లేననీ, అత్తయ్య ఫోన్లో నడిస్తే ఇంకెక్కడైనా నడుస్తుందనీ అనేది. అందరికీ కనిపించే పనుల జాబితాలో అలాంటి వాటి పక్కన 'కుంటు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. తెలుగు ముక్క రాని వాళ్ళు కూడా అది చూసి చూసి అలాగే రాయడం మొదలుపెట్టారు. ఆ సంగతి చెబితే అమ్మ నమ్మలేదు.

ఈ ఏడు నేను కాయలు ఏరడానికి వెళ్ళినప్పుడు అసలు తగువే ఆ పాత ఫోన్ల దగ్గర వచ్చింది. వాటి కోసం రాసిన కోడ్ తీసేస్తే చాకిరీ సగానికి తగ్గుతుందని, సాయం చేసేవాళ్ళలో ఒకాయన అడిగాడు. నేనూ ఆయన వైపే.

"తీసేద్దాం వదినా. ఎన్నాళ్ళని మోస్తావు?"

"తీసేస్తే నాకూ హాయే అమ్మాయ్" అంది, కాయల మీదనుంచి చూపు తిప్పకుండా. "చూద్దాంలే. ముందు కాయ మిర్చి యార్డుకి వెళ్ళనీ."

ఆవిడ లేకుండానే కాయ యార్డుకి వెళ్ళింది.

పెద్దకర్మ అయ్యాక వదిన లాప్‌టాప్ తెరిచాను. ప్లగిన్ పేజీలో ఎవరెవరో సంతాపాలు రాశారు. కింద, పాత ఫోన్ల కోడ్ తీసేద్దామన్న ఆయనే, మొహమాటపడుతూ, ఒక ప్రశ్న అడిగాడు. ఇక దీన్ని ఎవరు చూస్తారు, లేక ఇంతటితో ఆపేద్దామా అని. వదిన తర్వాత అందులో మార్పులు చేసే అధికారం ఉన్నది నాకొక్కదానికే. నా ఉద్యోగంతో పాటు ఇదీ మోయడం నావల్ల కాదని తెలుసు. పాత ఫోన్ల కోడ్ తీసేస్తేనే చూస్తానని జవాబు రాశాను. పంపబోతూ, మంచం మీద కూర్చున్న అమ్మ వంక చూశాను. ఫోను ఒళ్ళోనే ఉంది.

"అన్నయ్య కొత్త ఫోను కొంటానన్నాడుగా, తీసుకోమ్మా. దీని అద్దం కూడా పగిలిపోయింది."

"వద్దులేవే."

"ఏం?"

అమ్మ ఫోను అద్దం కొంగుతో తుడిచింది. "ఇది పోతే ఇంక నన్నెవరు అడుగుతారే, ఎలా ఉంది అత్తయ్యా అని?"

అడిగే మనిషి వెళ్ళిపోయిందమ్మా అని నేనెలా చెప్పను? ఆ మాట అమ్మకి తెలియక కాదు.  రాసిందంతా చెరిపేశాను. పాత ఫోన్ల కోడ్ ఉంటుంది, ఇకమీదట నేను చూసుకుంటాను అని రాసి పంపాను. తర్వాత అమ్మ ఫోన్లో ఆ పేజీ తెరిచి చేతిలో పెట్టాను.

"ఎలా ఉందమ్మా?"

అమ్మ చాలాసేపు చూసింది. "నడుస్తోందే" అంది.

కళ్ళు తుడుచుకున్నాను. రెండు కళ్ళూ భగ్గున మండాయి. వదిన చేతి కారం ఆ కీబోర్డు మీద ఇంకా అలాగే ఉంది.

"నలపకు, ఉండు, నీళ్ళు తెస్తాను" అంటూ అమ్మ లేచింది. ఫోను మంచం మీద పెట్టి వెళ్ళింది. పగిలిన అద్దం వెనక ఎర్రటి చుక్క కుడికి వెళ్తోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది.